లెక్కకు రాని రోగి



రజతోత్సవమనగా నొక సంస్థ తన లెక్కలను తాను సరిచూచుకొను దినము. ఎన్ని గ్రంథములు చేరినవి, ఎందఱు చదివినారు, ఈ ఇరువదియైదేండ్లలో ఎవరు ఈ వాకిలి తొక్కలేకపోయినారు అను మూడు ప్రశ్నలు అట్టి దినమున వేసికొనదగినవి. మొదటి రెంటికి చిట్టాపుస్తకములలో సమాధానము దొరకును. మూడవదానికి దొరకదు; రానివాని పేరు చిట్టాలో నుండదు గదా! ఆ మూడవ ప్రశ్ననే వైద్యశాల విషయమున వేసి చూచుట నేటి ప్రసంగోద్దేశము. వైద్యశాలయు గ్రంథాలయమువలెనే అందఱికొఱకును తెఱచియున్న తావు. అయినను తలుపు తెఱచియున్నంతమాత్రమున అందఱును లోనికి రాగలరని కాదు. ఈ సత్యము మహమ్మారి కాలమున మిక్కిలి స్పష్టముగా బయటపడినది.

1827వ సంవత్సరము జూలై 6వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఈ కర్నూలు సీమలోని పత్తికొండయందు కలరా సోకి కన్నుమూసెను. దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరుగా ఏండ్లతరబడి గుఱ్ఱముపై ఊరూర తిరిగినవాడు, గవర్నరు పదవిలోనుండి మఱల చూచిపోవ వచ్చి, ఈ నేలమీదనే ప్రాణము విడిచెను. కలరా అతని పదవిని చూడలేదు. అదే బాటను నడచు బోయీని చూచినట్లే గవర్నరును చూచినది. వ్యాధికి చిట్టా లేదు. చికిత్సకు మాత్రము చిట్టా కలదు. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడయో మగయో వ్రాసికొనినగాని చీటీ పుట్టదు. ఆ చిట్టాలో ఇమడని మనుష్యుని గతి యేమి? ఇదియే నేటి విషయము.

ఇచట చెప్పబోవునది ట్రాన్స్ పురుషులను గూర్చి. ఈ మాట కొందఱికి క్రొత్త కావచ్చును. విషయము మాత్రము క్రొత్తది కాదు. పుట్టినపుడు ఆడశిశువని వ్రాయబడి, తెలివి వచ్చిన నాటినుండి తాను మగవాడనియే లోలోన ఎఱిగి, అట్లే జీవింపగోరువాడు ట్రాన్స్ పురుషుడు. భారతకథ నెఱిగినవారికి శిఖండి వృత్తాంతము తెలియును. ద్రుపదుని యింట ఆడుబిడ్డగా పుట్టి, కొడుకుగా పెరిగి, స్థూణాకర్ణుడను యక్షుని వలన పురుషత్వమును పొంది, కురుక్షేత్రమున రథమెక్కి పోరాడిన యోధుడు శిఖండి. అట్టివాని పేరు పల్లెలలో నేడు తిట్టుగా మాఱినది. యోధుని పేరు తిట్టైన చోట ఆ జాతి మనుష్యుడు తన్ను తాను దాచుకొనుటలో వింత యేమున్నది?

ట్రాన్స్‌జెండర్ అనగానే జనులకు హిజ్రాలు తలపునకు వత్తురు. వారు కంటికి కనబడువారు. వారికొక గురువు, ఒక గుంపు, కలిసియుండుటకొక యిల్లు ఉండును. కష్టమెంత ఘోరమైనను పదిమంది కలిసి అనుభవింతురు. ట్రాన్స్ పురుషునకు సాధారణముగా అట్టి గుంపు లేదు. అతడు పుట్టినింటనే యుండును. ఆ యింటి లెక్కలో కూతురుగానే యుండును. ఆడుబిడ్డకున్న కట్టుబాట్లన్నియు అతనికిని కలవు. హిజ్రాకు ఇంటినుండి వెళ్లగొట్టబడుట ఎంత దుఃఖమో, ఇతనికి ఇంటినుండి కదలలేకపోవుట అంత దుఃఖము. 2019వ సంవత్సరపు చట్టము ఇరువురిని ఒకే పేరున పిలిచినను, వీరి యవస్థలు వేఱు.

ఇక ఇతనికి కావలసిన వైద్యమేమో తెలిసికొనవలెను. ప్రధానమైనది టెస్టోస్టిరోన్ అను పురుష హార్మోను చికిత్స. ఇది సామాన్యముగా సూదిమందు. కొన్ని రకములు రెండు మూడు వారములకొకసారియు, మఱి కొన్ని సుమారు మూడు నెలలకొకసారియు వేయించుకొనవలెను. దీనివలన గొంతు మాఱును, గడ్డము మొలచును, నెలసరి సామాన్యముగా నిలిచిపోవును. మందు వేసికొనువాని రక్తమును కాలానుసారముగా పరీక్షింపవలెను; ఎఱ్ఱకణముల పాలు మితిమీరి పెరుగకుండ చూచుట ముఖ్యము. మందు ఆగినచో నెలసరి మఱల రావచ్చును. అండాశయములు తీయించుకొనినవాడు మందును చిరకాలము మానినయెడల ఎముకలు బలహీనపడును. కావున ఇది వేషము కొఱకైన విలాసము కాదు. మధుమేహికి ఇన్సులిన్ వలె క్రమము తప్పరాని చికిత్స.

రెండవది స్త్రీల వైద్యశాలకు సంబంధించినది. శస్త్రచికిత్స కానివానికి గర్భాశయమును, అండాశయములును ఉండును. వానికి వచ్చు వ్యాధులును రాగలవు. టెస్టోస్టిరోన్ గర్భనిరోధకము కాదు. కావున గర్భమును రావచ్చును. గడ్డము గలవాడు ప్రసూతి, స్త్రీవ్యాధుల విభాగపు వరుసలో నిలిచినచో చుట్టునున్నవారి చూపు లెట్లుండునో వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ చూపులకు వెఱచి వ్యాధిని ముదురనిచ్చుట సర్వసామాన్యము.

మూడవది చిన్నదిగా కనబడును గాని ప్రాణముతో కూడినది. పెక్కురు ట్రాన్స్ పురుషులు ఱొమ్మును అణచుటకు బిగుతైన కట్టు కట్టుకొందురు. దగ్గు, జ్వరము, ఆయాసముగల రోగమున ఆ కట్టు ఊపిరికి అడ్డుపడును, వెంటనే విప్పవలెను. కోవిడ్ ఊపిరితిత్తుల వ్యాధి. నలుగురున్న గదిలో కట్టు విప్పిన గుట్టు బయటపడును, విప్పకున్న ఊపిరాడదు. ఈ రెంటి నడుమ నలిగిన రోగి యవస్థ సామాన్య రోగికి ఊహకైన అందదు.

ఈ మూడింటిని మనస్సునందుంచుకొని 2020వ సంవత్సరమునకు పోవుదము. ఆ మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినది. ఏప్రిల్ చివరి వారమునకు ఆంధ్రప్రదేశమున కోవిడ్ కేసుల సంఖ్యలో కర్నూలు జిల్లా అగ్రస్థానమున నిలిచినది. ఆనాటి కర్నూలు జిల్లాలో నేటి నంద్యాల జిల్లాయు చేరియుండెను. వైద్యశాలల శక్తి యావత్తు కోవిడ్ వైపునకు మళ్లింపబడినది; తక్కిన చికిత్సలు చాల వఱకు వెనుకబడినవి.

ఆదోని పత్తిమిల్లులో పనిచేయు ఒక యువకుని ఊహింపుడు. అతడు కల్పితుడే, అయినను అతని కష్టములో కల్పన లేదు. దగ్గఱి ఊళ్లలో ఈ చికిత్స తెలిసిన వైద్యుడు దొరకక అతడు హైదరాబాదుకు పోయి సూది వేయించుకొనుచుండెను. కర్నూలునుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. రాయలసీమ రైతునకు ఈ సంగతి సులభముగా తెలియును: ఊరి బావి ఎండినపుడు దూరపు బావికి నడచుట అలవాటే, ఆ దూరపు బావికి బాట మూసినచో నేమి చేయవలెను? బస్సులు లేవు, రైళ్లు లేవు. మందులషాపులు తెఱచియున్నను చిన్న ఊరి షాపులో ఆ సూదిమందు ఉండుట అరుదు. ఉన్నను చీటీమీద ఆడపేరు, ఎదుట మగరూపు. షాపువాడు ఊరివాడే; సాయంకాలమునకు సంగతి ఇంటికి చేరును.

ఇంటిలోనో, మిల్లు మూతపడినందున చేతిలో పైకము లేదు, బయటకు పోవ వీలులేదు. మందు ఆగి నెలసరి మఱల వచ్చినది. అదియే అదనుగా, జుట్టు పెంచుమనియు, చీర కట్టుమనియు, మేనమామ కొడుకున్నాడనియు పెద్దల పోరు మొదలైనది. తక్కినవారికి లాక్‌డౌన్ వీధికి పోకుండుట. ఇతనికి తన దేహముతోను, తన్ను ఒప్పుకొనని వారితోను ఒకే గదిలో నుండుట. మనస్సు కుంగినవేళ చెప్పుకొనుటకు ఫోను కలదు. ఫోనులో మాటాడుటకు చాటైన తావు లేదు. 2020 మార్చి 25వ తేదీననే దూరవైద్యమునకు కేంద్రప్రభుత్వము మార్గదర్శక సూత్రములు వెలువరించినది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ సేవయు మొదలైనది. ఇవి ఎందఱికో మేలు చేసినవి. కాని ఆరుగురు పడుకొను ఒంటిదూలపు ఇంటిలో రహస్యమునకు తావేది?

బాటకు పడిన అడ్డు ఎంతటిదో మఱుసటి సంవత్సరము యావత్తు జిల్లాకును అనుభవమైనది. 2021 మే నెలలో, రెండవ విజృంభణము తీవ్రముగానున్నపుడు, హైదరాబాదుకు పోవు కోవిడ్ రోగుల అంబులెన్సులు తుంగభద్ర దాటిన పిమ్మట పుల్లూరు టోల్‌గేటు వద్ద నిలిపివేయబడినవి. ముందుగ అనుమతి యున్నగాని రోగిని రానీయరాదను ఉత్తర్వును తెలంగాణ ఉన్నత న్యాయస్థానము మే 14వ తేదీన నిలుపుదల చేసినది. ఆ నాలుగు దినములు కర్నూలు ప్రజలు పడిన బాధ సభాసదులు మఱచియుండరు. మంచి వైద్యము ఏటికి ఆవలనే యుండి, ఏఱు దాటనీయని బాధ అది. ఆదోని యువకుడు ఆ బాధను మొదటినుండియు ఒంటరిగా పడుచుండెను. ఊరివారి అడ్డు నాలుగు దినములలో తొలగెను. ఊరంతయు దానినిగూర్చి మాటాడెను. అతని అడ్డునుగూర్చి మాటాడినవారు లేరు.

ఇక చిట్టాల సంగతి. ఇంటింటి సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్తయు, గ్రామ వాలంటీరును ఇంటి యజమాని చెప్పినది వ్రాసికొనిరి. యజమాని “ఇద్దఱు కూతుండ్రు” అనెను. ఇద్దఱు కూతుండ్రని వ్రాసిరి. వారిది తప్పు కాదు. బియ్యపుకార్డును, దానిననుసరించు ఆరోగ్య సహాయమును కుటుంబము పేర నుండును. ఇల్లు విడిచి పోయినవానికి కార్డు లేదు. ఇల్లు విడువనివానికి కార్డులో తన పేరు లేదు.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో తొలిసారిగా ఆడ, మగ కాక ‘ఇతరులు’ అను గడి పెట్టబడినది. ఆ గడిలో దేశమున 4,87,803 మందియు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మందియు నమోదైరి. వీరిలో ట్రాన్స్ పురుషులెందఱో ఆ గడి చెప్పజాలదు. 2020 లాక్‌డౌన్ కాలమున కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఒక్కొక్కరికి 1,500 రూపాయలు జీవనసాయము నిచ్చినది. ఆ విడత సాయము పొందినవారు దేశమంతట సుమారు 7,000 మంది. నమోదైనవారిలోనే నూటికి ఇద్దఱికైన అందలేదని కూడిక తెలిసిన బాలుడును చెప్పగలడు. ఇచ్చుటకు మనస్సు లేక కాదు, ఇచ్చుటకు పేర్లు చాలక. కనబడనివానికి సాయము చేయ నెవరితరము?

టీకాల కాలమునను ఇదే జరిగినది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనవి. మే 1నుండి పదునెనిమిదేండ్లు నిండినవారికి విస్తరించినవి. నమోదుకు గుర్తింపుపత్రము కావలెను. పత్రములో ఆడపేరు, ఎదుట మీసమున్నచో పదిమంది ముందు ప్రశ్నలు. 2021 మే నెలలో కేంద్ర మంత్రిత్వశాఖ టీకా కేంద్రములయందు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై వివక్ష కూడదని రాష్ట్రములకు వ్రాసినది. ఆ జాబు వ్రాయవలసివచ్చుటయే ఆనాటి స్థితికి సాక్ష్యము.

చూపులకు వెఱచి ఆలస్యము చేసినను, వైద్యుడే త్రోసిపుచ్చినను ఫలితమొకటే. అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమున రాబర్ట్ ఈడ్స్ అను ట్రాన్స్ పురుషునికి అండాశయపు పుండు కలిగినది. పెక్కురు వైద్యులు తమ ఇతర రోగులు ఏమనుకొందురో యని అతనిని చేర్చుకొనలేదు. వైద్యము దొరకునప్పటికి వ్యాధి ముదిరిపోయినది. 1999 జనవరిలో అతడు మరణించెను. ధనము, యంత్రములు, వైద్యులు దండిగానున్న దేశముననే ఇట్లైనది.

దీనికి మఱియొక ప్రక్క కలదు. అదే దేశమున 1890లో పుట్టిన అలన్ హార్ట్ ఆడశిశువుగా వ్రాయబడి, పురుషుడుగా జీవించి, వైద్యుడై, క్షయరోగమును ఎక్స్‌రే కిరణములతో తొలిదశలోనే కనిపెట్టు విధానమునకు పాటుపడెను. 1962లో కాలధర్మము చెందెను. మదనపల్లె ఆరోగ్యవరము శానిటోరియమునకు బంధువులను మోసికొనిపోయిన కుటుంబములు ఈ జిల్లాలలో ఎన్నియో కలవు. క్షయను ముందుగ కనిపెట్టుట ఎంతటి వరమో వారికి తెలియును. సమాజము ఎవరిని వైద్యశాల వాకిట నిలిపివేయునో, వారిలో ఒకడు లోనుండి వైద్యము చేయగలవాడు కావచ్చును.

గడచిన యేండ్లలో కొంత మేలు జరిగినది. 2014 ఏప్రిల్ 15న సర్వోన్నత న్యాయస్థానము ఎవరి లింగమును వారే నిర్ణయించుకొను హక్కు రాజ్యాంగసిద్ధమని తీర్పు చెప్పినది. 2019వ సంవత్సరపు చట్టము 2020 జనవరి 10న అమలులోనికి వచ్చినది. అది వచ్చిననాడు అందు ట్రాన్స్ పురుషుని పేరు స్పష్టముగా నుండెను. హార్మోను చికిత్స, శస్త్రచికిత్స, ఆరోగ్య బీమా ప్రభుత్వముల బాధ్యతగా 15వ విభాగమున చెప్పబడినవి. 2020 నియమావళి ప్రకారము వైద్యపరీక్ష లేకయే జిల్లా కలెక్టరునుండి ధ్రువపత్రము పొందు వీలు ఆనాడు కలిగియుండెను. 2022 ఆగష్టు 24న ఆయుష్మాన్ భారత్‌క్రింద ధ్రువపత్రము గలవారికి ఏటికి 5 లక్షల రూపాయల వఱకు చికిత్సకై ఒడంబడిక కుదిరినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదింపజేసిన వ్యాధుల పట్టికలో ఈ స్థితిని మానసిక వ్యాధుల జాబితానుండి తొలగించినది. హైదరాబాదున 2021 జనవరిలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకై మిత్ర్ క్లినిక్ వెలసినది. విదేశీ సాయము ఆగిపోగా 2025లో అది మూతపడినది. పరుల ధనముపై నిలిచిన వైద్యమెంత నిలకడలేనిదో అది తెలిపినది. చట్టములును, నియమములును మాఱుచుండును. ఎప్పటికప్పుడు కలెక్టరు కార్యాలయమున విచారించి తెలిసికొనుట మేలు.

అయినను ధ్రువపత్రమునకు దరఖాస్తు చేయువాడు మొదట తన ఊరిలో, తన యింటిలో బ్రదుకవలెను గదా! చట్టము కలెక్టరు కచేరి వఱకు వచ్చినది. అచటినుండి ఊరి వాకిలి వఱకు తెచ్చుట ఊరివారి పని.

“ఇది పట్టణముల వింత, పల్లెలకేల?” అని పెద్దలు కొందఱు అనవచ్చును. పట్టణమున కనబడువారు పల్లెలయందు పుట్టినవారే. ఇచట నిలువ నీడలేక అచటికి పోయినవారే. “అడుగకున్న వైద్యమెట్లు?” అని మఱికొందఱు అనవచ్చును. ఇది యోగ్యమైన ప్రశ్న. వైద్యునికి రోగి దేహస్థితి యావత్తు తెలియవలెను. తెలియకున్న చికిత్స చెడును. వరుసలో నిలిచినవారికి మాత్రము తెలియనక్కరలేదు. గదిలో తలుపు మూసి వైద్యుడడుగు ప్రశ్న చికిత్స. వాకిట పదిమంది ఎదుట చీటీ వ్రాయువాడడుగు అదే ప్రశ్న శిక్ష. ఈ భేదమును గుర్తించుట కొఱకు ధనము అక్కరలేదు, చట్టము అక్కరలేదు.

మఱియొక మహమ్మారి వచ్చునో రాదో యనునది ప్రశ్న కాదు. ఎన్నడో ఒకనాడు వచ్చును. అంతలో చేయదగినవి కొన్ని కలవు. పేరు గట్టిగా పిలుచుటకు మాఱుగ సంఖ్య పిలువవచ్చును. ఏ వార్డున ఉండగోరునో రోగినే చాటుగ అడుగవచ్చును. క్రమము తప్పరాని మందులను, బాటలు మూతపడకముందే రెండు మూడు నెలలకు సరిపడ వ్రాసి ఇప్పింపవచ్చును. ఆశా కార్యకర్త ఇంటి యజమానితో మాటాడిన పిమ్మట యువజనులతో వేఱుగ రెండు మాటలాడవచ్చును. తల్లిదండ్రులు, బిడ్డ చెప్పినది వెంటనే బోధపడకున్నను, వైద్యుని యొద్దకు పోవు బాటనైన మూయకుండవచ్చును.

గ్రంథాలయము చేయగలిగినదియు కలదు. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు తమ జీవితమును గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును ధారపోసిరి. అక్షరము రానివానియొద్దకు అక్షరమే నడచిపోవలెనను పట్టుదల వారిది. ధ్రువపత్రపు దరఖాస్తు వివరములు, ఆరోగ్య పథకముల వివరములు తెలుగున వ్రాసిన ఒక చిన్న దస్త్రము బల్లమీద నుంచినచో, అది ఎవరు తీసి చూచిరో ఎవ్వరును అడుగకున్నచో, ఈ గ్రంథాలయము ఆ యుద్యమపు దారిలో మఱొక అడుగు వేసినట్లే యగును. గ్రంథాలయమున నొక మంచి మర్యాద కలదు: ఒకడు ఏ పుస్తకము చదువుచున్నాడో ప్రక్కవాడు తొంగిచూడడు, ఎందుకు చదువుచున్నావని అడుగడు. చదువరికి ఇచ్చు ఈ మర్యాదను రోగికిని ఇచ్చినచో చాలును.

రాబోవు స్వర్ణోత్సవమున ఈ సంస్థ మఱల తన లెక్కలు చూచుకొనును. నేడు వాకిట నిలిచిపోయినవాడు ఆనాటికి తన పేరున, తన చేతివ్రాతతో, ఈ చిట్టాలో సంతకము చేసి పుస్తకము తీసికొనిపోవుగాక. స్వస్తి.